మోషన్ తీరు మారినప్పుడు

"మోషన్ సరిగ్గా అవట్లేదండీ." డాక్టరు ముందు కూర్చుని గొంతు తగ్గించి చెప్పే ఈ ఒక్క మాటకు కనీసం ఐదు అర్థాలున్నాయి. మూడు రోజులుగా అసలు వెళ్లనే లేదని కావచ్చు. రోజూ వెళ్తున్నా గట్టిగా ముక్కాల్సి వస్తోందని కావచ్చు. వెళ్లొచ్చాక కూడా లోపల ఇంకా మిగిలిపోయినట్టు ఉంటోందని కావచ్చు. పలచగా అవుతోందని కావచ్చు. ఎప్పుడూ పొద్దున్నే అయ్యేది వేళ తప్పిందని మాత్రమే కావచ్చు. పైగా మన వాడుకలో 'మోషన్ అవట్లేదు' అంటే మలబద్ధకం, అదే మాటను బహువచనం చేసి 'మోషన్స్ అవుతున్నాయి' అంటే నీళ్ల విరేచనాలు. 'విరేచనం', 'విరేచనాలు' అన్న జంటదీ ఇదే తీరు. ఈ ఐదింటికీ కారణాలు వేరు, మందులు వేరు, కంగారు పడాల్సిన పాళ్లు వేరు.

మాట దగ్గరే ఇంత గందరగోళం ఎందుకంటే, ఈ సంగతి ఎవరూ ఎవరితోనూ విడమర్చి చెప్పుకోరు. జ్వరమైతే ఎంత ఉందో చెబుతారు, దగ్గయితే కఫం పడుతోందో లేదో చెబుతారు, మలం దగ్గరికి వచ్చేసరికి మాట మింగేస్తారు. దీనివల్ల రెండు వైపులా నష్టమే. ఏ జబ్బూ లేని మనిషి రోజూ కావట్లేదన్న దిగులుతో ఏళ్ల తరబడి విరేచనాల మందు మింగుతాడు. నిజంగా జబ్బున్న మనిషి రక్తం పడుతున్నా 'మొలలే అయ్యుంటాయిలే' అని నెలలు గడిపేస్తాడు. ఇద్దరికీ తెలియనిది ఒకటే, తమ ఒంటికి మామూలు ఏమిటో. ఎవరి కడుపుకు వారిదే కొలత. నిన్నమొన్నటి దాకా ఉన్న తీరు నుంచి ఎంత మారింది, ఎన్నాళ్లుగా మారింది, దాంతోపాటు ఇంకేమేం వచ్చాయి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉంటే, చాలామట్టుకు దారి అదే తెలుస్తుంది.

రోజుకొకసారి అన్న నియమం

పొద్దున్నే ఒకసారి సాఫీగా అయితేనే ఆరోగ్యం అన్న నమ్మకం చాలా గట్టిది. వైద్యం మామూలు కింద లెక్కగట్టే పరిధి అంతకంటే ఎంతో పెద్దది. బాధ లేకుండా అవుతున్నంత కాలం రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు ఎలా ఉన్నా అది మామూలే. 1992లో కెన్ హీటన్ అనే డాక్టరు బృందం ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో దాదాపు 1,900 మంది అలవాట్లు నమోదు చేసి ప్రచురించింది. కచ్చితంగా 24 గంటలకొకసారి వెళ్లే అలవాటు మగవాళ్లలో 40 శాతం మందికి, ఆడవాళ్లలో 33 శాతం మందికే ఉందని అందులో తేలింది. అందరూ నియమమనుకునేది సగం మంది జీవితంలో కూడా లేదన్నమాట.

ఆ నమ్మకం వెనక ఓ పాత భయం కూడా ఉంది. మలం లోపల నిలిస్తే దాని విషం ఒంటికెక్కుతుందన్న భయం. 20వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ దీన్ని ఎంతగా నమ్మాడంటే, మలబద్ధకం ఉన్నవాళ్లకు పెద్దపేగునే కోసి తీసేసేవాడు. ఆ సిద్ధాంతం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. పేగుల్లో ఏళ్లుగా పేరుకున్న మురికిని కడిగేస్తామంటూ ఇవాళ అమ్ముతున్న పొడులూ ఎనీమాలూ మాత్రం ఆ భయాన్నే పెట్టుబడిగా పెట్టుకున్నాయి. పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి తనంతట తానే రాలిపోయి కొత్తది వస్తుంది. దానిమీద ఏళ్ల నాటి మురికి అంటుకుని ఉండే వీలే లేదు.

పసిపిల్లల్లో ఈ పరిధి ఇంకా విశాలం. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ వెళ్లొచ్చు. కొన్ని వారాల వయసు దాటాక వారం రోజులకొకసారి వెళ్లినా, మలం మెత్తగా ఉండి బిడ్డ హాయిగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే అది మలబద్ధకం కాదు.

అంతా నీటి లెక్కే

మలం ఎందుకు గట్టిపడుతుందో, ఎందుకు పలచబడుతుందో తెలియాలంటే లోపల జరిగే నీటి వ్యవహారం చూడాలి. రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం పేగుల్లోకి దిగుతుంది. అందులో మనం తాగేది, తినేదాంట్లోంచి వచ్చేది కలిపి 2 లీటర్లు. మిగతా 7 లీటర్లూ లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగుల ఊట. చిన్నపేగు దీంట్లో చాలా భాగాన్ని తిరిగి ఒంట్లోకి లాగేసుకుంటుంది. లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే పెద్దపేగుకు చేరతాయి. పెద్దపేగు నింపాదిగా దాన్నీ పీల్చేసి, చివరికి 100 నుంచి 200 మిల్లీలీటర్ల నీరే మలంతో బయటికి పంపుతుంది. 9 లీటర్లు వచ్చి ఒక గ్లాసుడు కూడా పోకుండా చూసుకునే ఏర్పాటు ఇది.

పెద్దపేగులో ప్రయాణానికి మామూలుగా ఒకటిన్నర రోజు పడుతుంది. మూడు రోజుల దాకా పట్టినా తప్పు లేదు. ప్రయాణం నెమ్మదించిన కొద్దీ నీరు ఎక్కువ లాగబడి మలం ఎండిపోతుంది. వేగం పెరిగితే నీరు పీల్చే వ్యవధి ఉండదు. ఇన్ఫెక్షన్ వల్ల పేగు గోడ నీటిని పీల్చడం మాని వదలడం మొదలుపెడితే, అరగని చక్కెరలేవో లోపల ఉండి నీటిని తమవైపు లాగితే, పేగు గోడకు వాపు వచ్చి పొర దెబ్బతింటే కూడా మలం పలచబడుతుంది. కారణాలు వందున్నా దారులు ఈ నాలుగైదే.

అందుకే ఎన్నిసార్లు అన్నదానికంటే ఏ రూపంలో అన్నది ఎక్కువ సమాచారం ఇస్తుంది. బ్రిస్టల్‌లోనే స్టీఫెన్ లూయిస్, హీటన్ కలిసి 1997లో ప్రచురించిన ఏడు రూపాల పట్టిక ఇవాళ ప్రపంచమంతటా వైద్యులు వాడుతున్నారు. మొదటిది మేకపెంటికల్లా విడివిడి గట్టి ఉండలు. రెండోది ఆ ఉండలే అతుక్కుని గడ్డలుగడ్డలుగా ఉన్న ముద్ద. మూడోది పైన పగుళ్లున్న కడ్డీ. నాలుగోది పాములా నున్నగా, మెత్తగా ఉండేది. ఐదోది అంచులు తెలిసే మెత్తని ముక్కలు. ఆరోది అంచులు చెదిరి గుజ్జుగుజ్జుగా ఉండేది. ఏడోది గట్టి పదార్థమే లేని నీళ్లు. మూడు, నాలుగు సరైనవి. ఒకటి, రెండు అంటే పేగులో ప్రయాణం నెమ్మదించింది, ఆరు, ఏడు అంటే వేగం పెరిగింది. రోజూ వెళ్తున్నా మేకపెంటికల్లా వస్తుంటే అది మలబద్ధకమే. రోజుకు మూడుసార్లు వెళ్తున్నా నాలుగో రూపంలో ఉంటే అది విరేచనాల జబ్బు కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే అనవసరపు మందులు సగం ఆగిపోతాయి.

పలచబడినప్పుడు

రోజుకు మూడు అంతకంటే ఎక్కువసార్లు పలచగా అయితే దాన్ని విరేచనాల కింద లెక్కిస్తారు. హఠాత్తుగా మొదలై కొద్ది రోజుల్లో తగ్గేవి చాలావరకు వైరస్‌లవి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు, ఒక్కోసారి ఉన్న బాధను పెంచుతుంది కూడా. ఇక్కడ ప్రాణం తీసేది నీరు, లవణాలు పోవడం. దానికి విరుగుడు ఎలా దొరికిందన్నది వైద్య చరిత్రలో ఎంత గొప్పగా చెప్పుకున్నా తక్కువే. గ్లూకోజ్ తోడుంటే పేగు సోడియాన్ని జంటగా లోపలికి లాక్కుంటుందని, వాటి వెంట నీరూ వస్తుందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. కలరాలో మిగతా ఏర్పాట్లన్నీ చెదిరినా ఈ ఒక్క తలుపు తెరుచుకునే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ బృందం ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోసి తాగించింది. అక్కడ దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఇవాళ వాడే ఓఆర్‌ఎస్ 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన పాళ్లది. లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. ఇది మందు కాదు, పాళ్లు. ప్యాకెట్‌లో కొంచెం కొంచెం తీసి గ్లాసులో కలిపితే ఆ పాళ్లు చెడిపోతాయి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలో ఒకేసారి మొత్తం కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. వాంతి అవుతుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మొదలుపెట్టాలి. కూల్‌డ్రింకులు, తియ్యటి పళ్లరసాలు దీనికి బదులు కావు. వాటిలోని చక్కెర పేగులోకి ఇంకా నీటిని లాగుతుంది. పిల్లలకు దీంతోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇస్తారు. తిండి మాన్పించడం పాత పొరపాటు. దెబ్బతిన్న పేగు కోలుకోవడానికి తిండే కావాలి.

లోపరమైడ్ లాంటి, విరేచనాలను చప్పున ఆపే మాత్రల సంగతి వేరు. ప్రయాణంలో ఉన్న ఆరోగ్యవంతులకు ఒకటి రెండు రోజులు పనికొస్తాయి. జ్వరం, రక్తం, జిగట ఉన్నప్పుడు మాత్రం వాటి జోలికి వెళ్లకూడదు. చిన్నపిల్లలకు అసలు వేయకూడదు. లోపలి విషాన్ని బయటికి పంపుతున్న పేగును పట్టి ఆపినట్టవుతుంది.

నాలుగు వారాలు దాటిన విరేచనాలకు ఇన్ఫెక్షన్ కారణం అయ్యే అవకాశం తగ్గుతుంది. అక్కడి నుంచి వెతుకులాట వేరే దిక్కున సాగాలి. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే శక్తి ప్రపంచంలో మూడింట రెండొంతుల మంది పెద్దలకు తగ్గిపోతుంది. పాలు తాగిన రోజు ఉబ్బరం, విరేచనం, తాగని రోజు ఏమీ లేకపోవడం దాని గుర్తు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని సిరప్‌లలో ఉండే సార్బిటాల్ కూడా ఇదే పని చేస్తుంది. పిత్తాశయం తీయించుకున్న కొందరికి పైత్యరసం నేరుగా పెద్దపేగును రేపుతూ తినగానే పరుగెత్తిస్తుంది. దీనికి ప్రత్యేకమైన మందుంది, ఆపరేషన్ అయిందన్న మాట చెబితేనే డాక్టరుకు తోస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్నా, పేగు పూత జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ ఉన్నా ఇదే ముఖంతో మొదలవుతాయి.

వీటిలో అతి సాధారణమైనది, అతి తక్కువగా అర్థమైనది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). కడుపునొప్పి వారానికి కనీసం ఒకరోజైనా వస్తూ, అది మలవిసర్జనతో ముడిపడి, ఎన్నిసార్లు అన్నదీ ఏ రూపం అన్నదీ మారుతూ, మూడు నెలలుగా సాగుతుంటే దాన్ని ఐబీఎస్ అంటారు. మొదటి లక్షణం కనబడి ఆరు నెలలు దాటి ఉండాలి. స్కాన్లో ఏమీ కనబడదు, రక్తపరీక్షల్లో ఏమీ తేలదు. అందువల్ల 'నీకేం లేదు, అంతా టెన్షనే' అని చెప్పి పంపేయడం తరచూ జరుగుతుంది. ఆ మాట తప్పు, మనసును కూడా నొప్పిస్తుంది. పేగుకు తన సొంత నరాల వ్యవస్థ ఉంది. అది మెదడుతో ఇరువైపులా మాట్లాడుతూనే ఉంటుంది. ఐబీఎస్‌లో ఆ నరాల సున్నితత్వం నిజంగానే పెరుగుతుంది. మామూలు మనిషికి తెలియని గాలి కదలిక వీళ్లకు నొప్పిగా తెలుస్తుంది. పేగు ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది మొదలవుతుందన్న సంగతి చూస్తే, దీన్ని ఊహల జబ్బు అనడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

గట్టిపడినప్పుడు

మలబద్ధకం అనగానే పీచు తినండి, నీళ్లు తాగండి అన్న సలహా ఎవరైనా ఇస్తారు. అది చాలామందికి సరిపోతుంది కూడా. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు మంచి లక్ష్యం. తక్కువ తినే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆ మోతాదుకు పోతే ఉబ్బరంతో అవస్థ పడతారు, రెండు మూడు వారాలు తీసుకుని మెల్లగా పెంచాలి. ఇసబ్గోల్ తీసుకుంటే తగినన్ని నీళ్లు తప్పనిసరి. ఒంట్లో నీరు ఇప్పటికే సరిపడా ఉన్నవాళ్లు అదనంగా బిందెలు తాగినా మలం మెత్తబడదు, అది మూత్రంలో పోతుంది.

పీచుతో కుదరనివాళ్ల సంగతే ఎక్కువ శ్రద్ధగా చూడాలి. కూర్చున్నప్పుడు మలం బయటికి రావాలంటే లోపల రెండు పనులు కలిసి జరగాలి. కడుపు కండరాలు కిందికి నొక్కాలి, అదే క్షణంలో మలద్వారం చుట్టూ ఉన్న బిగింపు కండరాలు వదులవ్వాలి. పురీషనాళాన్ని వెనక నుంచి ఉచ్చులా పట్టి ముందుకు లాగి ఉంచే ఒక కండరం ఉంది. అది వదిలితేనే వంపు తిన్న దారి తిన్నగా అవుతుంది. కొందరిలో నొక్కినప్పుడల్లా ఈ కండరం వదలడానికి బదులు ఇంకా బిగుస్తుంది. తలుపును అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు తోస్తున్నట్టే. అరగంట కూర్చోవడం, వేలితో తీసుకోవాల్సి రావడం, అయినా మిగిలిపోయినట్టు అనిపించడం దీని గుర్తులు. వేలి మాట ఎవరూ నోరు తెరిచి చెప్పరు, డాక్టరు అడగాల్సిందే. వీళ్లకు పీచు పెంచితే బాధ పెరుగుతుంది. కావలసింది ఆ కండరాలను మళ్లీ నేర్పించే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ. ఏళ్ల తరబడి పొడులు మింగినా తగ్గనిది కొన్ని వారాల శిక్షణతో దారికొచ్చినవాళ్లు ఉన్నారు.

కూర్చునే తీరులోనూ విషయముంది. గొంతుకూర్చున్నప్పుడు ఆ వంపు సహజంగానే సడలుతుంది. కమోడ్ మీద కూర్చునేవాళ్లు పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటికంటే ఎత్తుగా ఉంచి, కొంచెం ముందుకు వంగితే దాదాపు అదే ఫలితం. వేళ కూడా ముఖ్యం. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు ముడుచుకోవడం పుట్టుకతో వచ్చిన స్పందన. పసిబిడ్డ పాలు తాగుతూనే దొడ్డికి పోవడం దానివల్లే. నిద్ర లేచాక, అల్పాహారం అయ్యాక వచ్చే ఆ పిలుపును హడావిడిలో ఆపేసుకుంటే అది కాసేపట్లో చల్లారిపోతుంది. రోజూ ఆపుకుంటూ పోతే పురీషనాళం సాగి, పిలవడమే తగ్గించేస్తుంది. బడిలో బాత్రూమ్ బాగోలేదని ఆపుకునే పిల్లల్లో మలబద్ధకం ఇలాగే వేళ్లూనుతుంది. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టిందంటే ఇక భయంతో ఆపుకుంటారు, ఆపుకున్నకొద్దీ గట్టిపడుతుంది.

మందుల మీద ఉన్న భయం గురించి ఒక మాట. పాలీఇథిలీన్ గ్లైకాల్, లాక్టులోజ్ వంటివి పేగులో నీటిని నిలిపి మెత్తబరుస్తాయి, డాక్టరు చూపులో నెలల తరబడి వాడుకోవచ్చు. బిసకోడిల్, సునాముఖి వంటివి పేగును కదిలిస్తాయి. ఇవి వాడితే పేగు శాశ్వతంగా బద్ధకిస్తుందన్న మాట తరచూ వినబడుతుంది, చెప్పిన మోతాదులో వాడినప్పుడు అలా జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నష్టం చేసేది ఎవరికీ చెప్పకుండా మోతాదు పెంచుకుంటూ పోవడం, అసలు కారణం వెతక్కపోవడం.

ఆ కారణం చాలాసార్లు మందుల డబ్బాలోనే దొరుకుతుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, బీపీకి వాడే వెరాపమిల్, కొన్ని మానసిక వైద్యపు మందులు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు గట్టిపరుస్తాయి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు పలచబరుస్తాయి. బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఒకరికి గట్టిపరిచి మరొకరికి పలచబరుస్తుంది. యాంటీబయాటిక్ కోర్సు అయిన కొన్ని వారాల తర్వాత కూడా తీవ్రమైన విరేచనాలు మొదలవచ్చు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అనే బ్యాక్టీరియా పని అది. కొత్త మందు మొదలైన తేదీ, మోషన్ మారిన తేదీ పక్కపక్కన రాసుకుంటే చాలా పరీక్షల ఖర్చు తప్పుతుంది. అలాగని చెప్పకుండా మందు మానేయకూడదు. మోతాదు మార్చడమో, అదే మందులో వేరే రకం ఇవ్వడమో కుదురుతుంది.

ఇంట్లో జరిగే ఓ పొరపాటును ఇక్కడే చెప్పుకోవాలి. మంచం పట్టిన ఓ పెద్దాయనకు నాలుగు రోజులుగా మోషన్ లేదు. ఐదో రోజు పొద్దున దుప్పటి మార్చబోతే పలచటి మరకలు. మధ్యాహ్నం మళ్లీ. సాయంత్రం మళ్లీ, ఆయనకు తెలియకుండానే. విరేచనాలు పట్టుకున్నాయని ఇంట్లోవాళ్లు ఆపే మాత్ర వేస్తారు. నిజానికి లోపల పురీషనాళంలో రాయిలా బిగిసిన మలం అలాగే ఉంది. దాని వెనక చేరిన పలచటి మలం పక్కనుంచి జారి కారుతోంది. ఆపే మాత్ర ఆ రాయిని ఇంకా బిగిస్తుంది. నర్సో డాక్టరో చేతి తొడుగు వేసుకుని వేలితో ఒక్కసారి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. పిల్లల్లోనూ ఇదే కథ. బట్టల్లో మరకలు పడుతున్నాయని దెబ్బలు తినే పిల్లల్లో చాలామందికి ఉన్నది మలబద్ధకమే, వాళ్లు కావాలని చేయడం లేదు.

రంగు చెప్పే సంగతి

మలానికి గోధుమ రంగు పైత్యరసం నుంచి వస్తుంది. ఆకుపచ్చగా ఉంటే తిన్న ఆకుకూరో, పైత్యరసం రంగు మారేంత వ్యవధి ఇవ్వని వేగమో కారణం. దానితో పనేమీ లేదు. బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రగా కనబడి గుండె ఆగినంత పనవుతుంది, అదీ ఏమీ కాదు. జాగ్రత్తగా చూడాల్సినవి మూడు రంగులు.

మొదటిది నలుపు. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న కడుపు మందులు వాడుతుంటే మలం ముదురు ఆకుపచ్చ కలిసిన నల్లరంగులో, మామూలు గట్టిదనంతో ఉంటుంది. జీర్ణాశయంలో పుండు నుంచి రక్తం కారి దిగినప్పుడు వచ్చే నలుపు వేరు. రోడ్డు వేసే తారులా నిగనిగలాడుతూ, జిగురుగా, నీళ్లు పోసినా కమోడ్‌కు అంటుకుని, ఒకసారి వాసన చూస్తే మరిచిపోలేనంత దుర్వాసనతో ఉంటుంది. దాంతో కళ్లు తిరిగితే తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది ఎరుపు. మలం మీద గీతలా, కడుక్కునేటప్పుడు చుక్కలుగా పడే తాజా రక్తం ఎక్కువగా మొలలదీ, మలద్వారపు చీలికదీ. కోసుకుపోయినట్టు నొప్పి ఉంటే చీలిక, నొప్పి లేకుండా కారితే మొలలు అని ఒక గుర్తు. మలంలో కలిసిపోయిన ముదురు రక్తం, రక్తంతో జిగట, రక్తంతో పాటు మోషన్ తీరే మారడం వేరే సంగతి. మొలలు ఉన్న మనిషికి మరో జబ్బు రాకూడదన్న నియమం లేదు. ఎప్పుడో పదేళ్ల కిందట చెప్పిన 'మొలలు' అన్న మాటతో ఇప్పటి రక్తాన్ని సరిపెట్టుకోవడం వల్ల ఆలస్యమైన పేగు క్యాన్సర్లు ఎన్నో.

మూడోది తెలుపు, లేదా బంకమట్టి రంగు. పైత్యరసం పేగుకు చేరట్లేదని దీనర్థం. పెద్దవాళ్లలో పచ్చకామెర్లతో కలిసి వస్తే పైత్యనాళానికి అడ్డేదో పడిందని లెక్క. పసిబిడ్డలో దీన్ని అసలు ఉపేక్షించకూడదు. పుట్టి రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, మలం పాలిపోయి ఉంటే పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు ఉండొచ్చు. దానికి మోరియో కసాయి అనే జపాన్ సర్జన్ పేరుతో ఒక ఆపరేషన్ ఉంది, అది రెండు నెలల వయసు లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. తైవాన్ 2004 నుంచి ప్రతి బిడ్డ తల్లికీ మలం రంగుల కార్డు ఇచ్చి, ఈ జబ్బును ముందే పట్టుకోవడంలో మంచి ఫలితం సాధించింది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, రంగు పోల్చి చూసే తల్లి కళ్లు చాలు.

ఎప్పుడు ఆగకూడదు

కొత్తగా మొదలైన మార్పు మూడు నాలుగు వారాలు దాటితే చూపించుకోవాలి, 45 ఏళ్లు దాటినవాళ్లయితే మరీ. ఏ వయసువాళ్లయినా బరువు తగ్గుతుంటే, రక్తహీనత ఉందని తేలితే, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే అన్నాళ్లు కూడా ఆగక్కర్లేదు. నిద్రలోంచి లేపి పరుగెత్తించే విరేచనాలను ఐబీఎస్ అనుకోకూడదు, ఐబీఎస్ సాధారణంగా మనిషి నిద్రపోతే తానూ నిద్రపోతుంది. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయిందేమో చూడాలి, అక్కడ గంటలు కూడా లెక్కే. నడుంనొప్పితో పాటు మలమూత్రాల మీద పట్టు తప్పి, కూర్చునే భాగం మొద్దుబారితే వెన్ను నరాలు నలుగుతున్నట్టు, అది కూడా అత్యవసరమే. పిల్లలు కళ్లు పీక్కుపోయి, ఏడిస్తే కన్నీరు రాక, ఆరేడు గంటలుగా మూత్రం పోయకుండా, మత్తుగా పడుకుంటే ఇంట్లో ఓఆర్‌ఎస్‌తో కాలక్షేపం చేయొద్దు.

ఒక్కరోజు సన్నగా రావడం, ప్రయాణంలో రెండు రోజులు కాకపోవడం, నెలసరి ముందు గట్టిపడి మొదలయ్యాక పలచబడటం, పరీక్ష రోజు పొద్దున మూడుసార్లు వెళ్లడం వంటివాటికి కారణం పక్కనే కనబడుతుంటుంది. కారణం పోగానే అవీ పోతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు చిన్న కాగితం మీద తేదీ, ఎన్నిసార్లు, ఏడింటిలో ఏ రూపం, నొప్పి, రక్తం, ఆ రోజు కొత్తగా ఏదైనా మందు అని రాసుకుంటే సంభాషణ తీరే మారిపోతుంది. 'రెండు నెలల కిందటి దాకా రోజూ నాలుగో రూపం, ఇప్పుడు రెండు రోజులకొకసారి ఒకటో రూపం, మధ్యలో ఆరో రూపం, రెండుసార్లు ముదురు రక్తం' అన్న మాటకు ఏ డాక్టరైనా పెన్ను కింద పెట్టి వింటాడు.

తర్వాత జరిగేది చాలామంది ఊహించుకునేంత భయంకరంగా ఉండదు. రక్తపరీక్షలో రక్తహీనత, థైరాయిడ్ చూస్తారు. క్యాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష పేగులో వాపు ఉందో లేదో చెప్పి, ఐబీఎస్‌ను పూత జబ్బుల నుంచి వేరు చేయడానికి తోడ్పడుతుంది. కంటికి కనబడని రక్తాన్ని పట్టే 'ఫిట్' పరీక్షకు ఇంట్లోనే కాస్త మలం తీసి ఇస్తే చాలు, ముందు రోజు తిండి మానాల్సిన పని కూడా లేదు. అవసరమైతే కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూడటం. అందులో కష్టమంతా ముందురోజు రాత్రి పేగు ఖాళీ చేసే మందు తాగడంలోనే ఉంది. పరీక్ష మత్తులో అయిపోతుంది.

ప్రపంచంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో పెద్దపేగుది మూడో స్థానం, 2022లో 19 లక్షలకు పైగా కొత్త కేసులు. అయితే అది రాత్రికి రాత్రి పుట్టేది కాదు. పాలిప్ అనే చిన్న కండ క్యాన్సర్‌గా మారడానికి తరచుగా పదేళ్ల దాకా పడుతుంది. ఏ లక్షణమూ లేకున్నా 45 ఏళ్ల నుంచే పరీక్షలు మొదలుపెట్టమని అమెరికా నిపుణుల బృందం 2021లో సిఫారసు చేసింది ఇందుకే. కొలనోస్కోపీ చేస్తూ పాలిప్ కనబడితే సన్నని తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే కోసి తీస్తారు, ల్యాబ్‌కు పంపుతారు, ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దవి అన్నదాన్ని బట్టి మళ్లీ ఎన్నేళ్లకు రావాలో రాసిస్తారు. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు, చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి భోజనం చేస్తారు.